కంప్యూటర్ గది తలుపు తెరిచిన గురువు జాన్ కెమెనీ

ఈ వసతి గృహంలో చదివి బయటికి వెళ్లిన మాలో చాలామందికి కంప్యూటర్‌తో మొదటి పరిచయం ఒకే రకంగా జరిగింది. కళాశాల ల్యాబు బయట చెప్పులు విడిచి, నలుగురైదుగురం కలిసి ఒక కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లం. కీబోర్డు మాత్రం ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాడి చేతిలోనే ఉండేది. మేము వెనక నుంచి చూసి, ప్రోగ్రాంను రికార్డులో రాసుకుని, అది నడిచిందో లేదో తెలియకుండానే సంతకం పెట్టించుకునేవాళ్లం. కంప్యూటర్ అంటే మాకు భయం అంతగా లేదు. అది మన కోసం వచ్చిన వస్తువు కాదన్న భావమే మనసులో గట్టిగా ఉండిపోయింది.

ఆ భావం తప్పని తన పనితో నిరూపించిన ఒక గణిత గురువు ఉన్నారు. ఆయన పేరు జాన్ జార్జ్ కెమెనీ. తోటి ఆచార్యుడు థామస్ కర్ట్జ్‌తో కలిసి బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషను తయారు చేసిన వ్యక్తిగా ఆయన ప్రపంచానికి తెలుసు. కానీ ఆయన చేసింది ఒక భాషను తయారు చేయడం మాత్రమే కాదు. ఏమీ తెలియని విద్యార్థి వచ్చి కూర్చుంటే ఆ క్షణం నుంచే పని మొదలుపెట్టగలిగేలా, కావలసినవన్నీ ముందే అమర్చిన ఒక పూర్తి ఏర్పాటును ఆయన సిద్ధం చేయించారు. ఆయన జీవితాన్ని మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పరిచయం చేయాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

బాల్యం, వలస

కెమెనీ 1926 మే 31న హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. తండ్రి టిబోర్ వ్యాపారి. జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చిన తరువాత యూరప్‌లో యూదుల బతుకు రోజురోజుకూ కష్టమైంది. 1938లో హంగేరీ ప్రభుత్వం కూడా యూదుల ఉద్యోగాలపై ఆంక్షలు పెడుతూ చట్టం తెచ్చింది. రాబోయే ప్రమాదాన్ని గ్రహించిన తండ్రి అదే ఏడాది ఒంటరిగా అమెరికా వెళ్లారు. 1940లో భార్యా పిల్లలను అక్కడికి తీసుకుపోయారు.

తాతగారు మాత్రం పుట్టిన గడ్డను విడిచి రావడానికి ఒప్పుకోలేదు. తరువాత జరిగిన నాజీల మారణకాండలో ఆయన, మరికొందరు దగ్గరి బంధువులు ప్రాణాలు కోల్పోయారు. పుట్టుకను బట్టి మనుషులను బడికి, ఉద్యోగానికి, చివరకు బతకడానికే అనర్హులుగా తేల్చిన కాలం అది. అలాంటి కాలాన్ని తప్పించుకుని వచ్చిన పిల్లవాడు కెమెనీ.

న్యూయార్క్‌లో దిగేనాటికి ఆయన ఇంకా బడి వయసు పిల్లవాడు. దేశం కొత్తది, బడి కొత్తది, చదువు చెప్పే భాష కొత్తది. ఊళ్లో తెలుగు మీడియం చదివి, ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠాల మధ్య కూర్చున్న మన పిల్లలకు ఆ కష్టం విడమరచి చెప్పనక్కరలేదు. జార్జ్ వాషింగ్టన్ హైస్కూలులో చేరిన ఆయన మూడేళ్లలో తరగతిలో ప్రథముడిగా నిలిచి, 1943లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ గణితం, తత్వశాస్త్రం చదివారు.

లాస్ అలమాస్‌లో లెక్కలు

అది రెండవ ప్రపంచ యుద్ధ కాలం. 1945లో ఆయనను సైన్యంలోకి తీసుకుని, అణుబాంబు తయారవుతున్న లాస్ అలమాస్‌కు పంపారు. అక్కడ లెక్కల విభాగంలో ఆయన పని. ఆ విభాగానికి పెద్ద ప్రఖ్యాత భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్. నేటి కంప్యూటర్లు అప్పటికి లేవు. వ్యాపార లెక్కల కోసం తయారైన ఐబీఎం యంత్రాలకు చిల్లులు కొట్టిన కార్డులు అందిస్తూ, మనుషులు రాత్రింబవళ్లు షిఫ్టుల వారీగా పని చేసేవారు. ఒక్క సమీకరణానికి సమాధానం రావడానికి వారాలు పట్టేది. తాము అక్కడ ఏడాది పాటు చేసిన లెక్కలను పాతికేళ్ల తరువాత తమ కళాశాలలోని ఒక విద్యార్థి ఒక్క మధ్యాహ్నంలో చేయగలడని కెమెనీ తరువాతి కాలంలో రాశారు.

యుద్ధం ముగిశాక ప్రిన్స్‌టన్‌కు తిరిగి వచ్చి చదువు కొనసాగించారు. తర్కశాస్త్రంలో గొప్పవాడైన అలొంజో చర్చ్ దగ్గర పరిశోధన చేసి, 1949లో డాక్టరేట్ పొందారు. అప్పటికి ఆయన వయసు ఇరవై మూడు. పరిశోధన చేస్తున్న రోజుల్లోనే ఆల్బర్ట్ ఐన్‌స్టీన్‌కు గణిత సహాయకుడిగా పని చేసే అవకాశం కూడా దక్కింది. అంతటి మేధావుల మధ్య తిరిగిన మనిషి కోరుకుంటే జీవితమంతా పరిశోధనలోనే గడపవచ్చు. ఆయన మాత్రం పాఠం చెప్పడాన్ని ఎంచుకున్నారు. 1953లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రం హానోవర్ అనే చిన్న పట్టణంలోని డార్ట్‌మత్ కళాశాలలో గణిత ఆచార్యుడిగా చేరారు. రెండేళ్లలోనే గణిత శాఖకు అధిపతి అయ్యారు. 1956లో థామస్ కర్ట్జ్ ఆ శాఖలో చేరారు. ఆ ఇద్దరి స్నేహం చివరి వరకూ నిలిచింది.

కార్డుల పెట్టెతో రైలు ప్రయాణం

అప్పటికి డార్ట్‌మత్‌లో కంప్యూటర్ లేదు. సుమారు 135 మైళ్ల దూరంలో ఉన్న ఎంఐటీ కంప్యూటర్‌ను వాడుకోవాల్సి వచ్చేది. చిల్లులు కొట్టిన కార్డులను ఇనుప పెట్టెలో పెట్టుకుని కర్ట్జ్ రైలులో వెళ్లేవారు. కార్డులు అక్కడి సిబ్బందికి ఇచ్చి, ఫలితం కోసం ఎదురుచూడాలి. ఎక్కడో ఒక కామా తప్పిపోతే ఆ ప్రయాణం వృథా. తప్పు దిద్దుకుని మళ్లీ వెళ్లాలి. ఇలా ఒక ప్రోగ్రాం సరిగ్గా నడవడానికి వారాలు పట్టేది.

1959లో డార్ట్‌మత్‌కు ఎల్‌జీపీ-30 అనే చిన్న కంప్యూటర్ వచ్చింది. ఒకసారి ఒకరు మాత్రమే దాని మీద పని చేయగలరు. అయినా కళాశాల విద్యార్థులు ఆ చిన్న యంత్రం మీదే గొప్ప పనులు చేశారు. అది చూసిన కెమెనీ, కర్ట్జ్‌లకు ఒక విషయం అర్థమైంది. విద్యార్థులకు తెలివి తక్కువేమీ లేదు, యంత్రం అందుబాటులో లేకపోవడమే అసలు కొరత.

డార్ట్‌మత్ విద్యార్థుల్లో ఎక్కువమంది సైన్సు, ఇంజనీరింగు చదివేవారు కారు. రేపు వారిలోంచే అధికారులు, వ్యాపారులు, రాజకీయ నాయకులు వస్తారు. కంప్యూటర్ గురించి ఏమీ తెలియనివారు కంప్యూటర్లను శాసించే స్థానాల్లో కూర్చుంటే దేశానికి మేలు జరగదని ఇద్దరూ భావించారు. అందుకే చరిత్ర చదివేవాడికైనా, సాహిత్యం చదివేవాడికైనా కంప్యూటర్ అందాలని నిర్ణయించారు. కళాశాల గ్రంథాలయంలో ఏ విద్యార్థి అయినా బీరువా దగ్గరికి నేరుగా వెళ్లి పుస్తకం తీసుకోగలిగినట్టే, ఎవరి అనుమతీ అడగకుండా, పైసా కట్టకుండా కంప్యూటర్‌ను వాడుకోగలగాలి. ఇదీ వారి ఆలోచన.

హలో అని పలకరించే యంత్రం

ఆలోచన బాగానే ఉంది, దాన్ని జరిపించడం ఎలా? ఒక్క కంప్యూటర్, వందల మంది విద్యార్థులు. దీనికి టైమ్ షేరింగ్ అనే పద్ధతిని ఎంచుకున్నారు. ఈ పద్ధతి గురించి కర్ట్జ్‌కు సూచన చేసినవాడు ఎంఐటీలో ఉన్న జాన్ మెకార్తీ. కంప్యూటర్ తన సమయాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కొక్కరి పనికి కొన్ని క్షణాల చొప్పున వంతులవారీగా కేటాయిస్తుంది. చేతి వేగం కన్నా యంత్రం వేగం ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి, ప్రతి ఒక్కరికీ యంత్రం మొత్తం తనదే అన్నట్టు ఉంటుంది.

అప్పట్లో వాడుకలో ఉన్న ఫోర్ట్రాన్, ఆల్గాల్ భాషలు కొత్తవారికి కష్టమని తోచింది. ఫోర్ట్రాన్‌లో ఒక లూప్ రాయాలంటే అంకెలు, కామాలు ఏ వరుసలో రావాలో కంఠస్థం చేయాలి. అందుకని కొత్త భాషనే తయారు చేయడానికి పూనుకున్నారు. 1963లో కెమెనీ స్వయంగా ఆ భాషకు కంపైలర్ రాయడం మొదలుపెట్టారు. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నుంచి ఆర్థిక సహాయం అందింది. 1964 ఫిబ్రవరిలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ యంత్రాలు రెండు వచ్చాయి. ఒకటి లెక్కలు చేసే జీఈ-225. రెండవది టెలిటైపుల నుంచి వచ్చే అక్షరాలను అందుకుని, ఎవరి వంతు ఎప్పుడో చూసే డేటానెట్-30.

ఆ యంత్రాలు రెండూ కలిసి పని చేసేలా ప్రోగ్రాములు రాసింది పేరుమోసిన ఇంజనీర్లు కారు. ఇంకా డిగ్రీ పూర్తి కాని విద్యార్థులు. వారిలో మైఖేల్ బుష్, జాన్ మెక్‌గీచీ ముఖ్యులు. నిపుణులే కష్టమనుకునే పనిని ఇరవై ఏళ్ల పిల్లల చేతిలో పెట్టడానికి గురువుకు ఎంత నమ్మకం ఉండాలి! 1964 మే 1న తెల్లవారుజామున నాలుగు గంటలకు రెండు టెలిటైపుల నుంచి రెండు బేసిక్ ప్రోగ్రాములు ఒకేసారి నడిచాయి. రెండింటికీ సరైన సమాధానాలు వచ్చాయి. బేసిక్ భాష పుట్టినరోజు అదే.

ఇప్పుడు ఆ ఏర్పాటు ఎలా ఉండేదో చెబుతాము. విద్యార్థి టెలిటైపు ముందు కూర్చుని హలో అని టైపు చేస్తాడు. యంత్రం అతని నంబరు అడుగుతుంది. ఆ తరువాత కొత్త పనా, పాత పనా అని అడుగుతుంది. కొత్తదైతే న్యూ, ఇంతకుముందు దాచుకున్నదైతే ఓల్డ్ అని చెప్పి, దాని పేరు ఇవ్వాలి. అంతే, యంత్రం సిద్ధం. ఒకటి నుంచి పది వరకు అంకెల వర్గాలు కావాలంటే ఈ నాలుగు వరుసలు చాలు.

10 ఫర్ ఎన్ = 1 టు 10
20 ప్రింట్ ఎన్, ఎన్ * ఎన్
30 నెక్స్ట్ ఎన్
40 ఎండ్

రన్ అనగానే సమాధానం కాగితం మీద అచ్చయి వస్తుంది. ప్రతి వరుసకూ ముందు ఒక అంకె ఉండటంలో పెద్ద సౌకర్యం ఉంది. 20వ వరుసలో తప్పు దొర్లితే మళ్లీ 20 అని వేసి సరైన వరుస టైపు చేస్తే చాలు, పాతది పోయి కొత్తది వస్తుంది. మధ్యలో ఒక వరుస చేర్చాలంటే 25 అని వేసి రాస్తే అది తన చోటికి తానే చేరుతుంది. లిస్ట్ అంటే మొత్తం చూపిస్తుంది. సేవ్ అంటే దాచి పెడుతుంది. ఇవన్నీ మామూలు ఇంగ్లీషు మాటలే. భాష, దిద్దుకునే సాధనం, దాచుకునే చోటు, నడిపే ఆజ్ఞ, అన్నీ ఒక్కచోటే అమర్చి ఉండటం ఆ ఏర్పాటు గొప్పదనం. కర్ట్జ్ రైలులో వారాల తరబడి తిరిగి దిద్దుకున్న తప్పును ఈ పిల్లలు కూర్చున్న చోటనే దిద్దుకోగలిగారు.

ముందే నింపి ఉంచిన గ్రంథాలయం

మరో ముఖ్యమైన సంగతి. విద్యార్థి వచ్చేసరికి ఆ యంత్రం ఖాళీగా ఉండేది కాదు. అందరూ వాడుకోవడానికి రాసిన ప్రోగ్రాములను దానిలో ఒక గ్రంథాలయంగా భద్రపరిచారు. గణాంకాల లెక్కలు, సమీకరణాల సాధన వంటివి అందులో ఉండేవి. విద్యార్థి రాసిన ప్రోగ్రాం సరిగ్గా ఉందో లేదో పరీక్షించే ప్రోగ్రాములను కూడా అధ్యాపకులు ముందే రాసి ఉంచేవారు. ఫుట్‌బాల్ వంటి ఆటలు కూడా ఉండేవి. పిల్లలు ఆడుకుంటూ కాలం వృథా చేస్తారని కెమెనీ వాటిని నిషేధించలేదు. యంత్రం మీద భయం పోవడానికి ఆట మంచి మార్గమని ఆయన ఉద్దేశం.

ఇతరులు రాసిన ప్రోగ్రాంను పిలిచి, నడిపి, చదివి, ఒక వరుస మార్చి మళ్లీ నడిపి చూడటం ద్వారా విద్యార్థులు నేర్చుకునేవారు. గణితం తీసుకున్న మొదటి సంవత్సరం విద్యార్థులు బేసిక్‌లో హోంవర్కు చేసేవారు. రెండు మూడు పాఠాలతోనే వారు సొంతంగా ప్రోగ్రాములు రాయగలిగారు. 1960ల చివరికి టెలిఫోను తీగల ద్వారా చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల పిల్లలకు కూడా ఆ యంత్రం అందింది.

కళాశాల అధ్యక్షుడిగా

1970లో కెమెనీ డార్ట్‌మత్ కళాశాలకు అధ్యక్షుడయ్యారు. ఆ కళాశాల 1769లో స్థాపితమైనప్పుడు అమెరికా ఆదివాసీ యువకులకు చదువు చెప్పడం దాని ఆశయాల్లో ఒకటని పత్రంలో రాసుకున్నారు. కానీ తరువాతి రెండు వందల ఏళ్లలో అక్కడ పట్టా పొందిన ఆదివాసీలు 19 మంది మాత్రమే. కాగితం మీద హక్కు ఉండటానికి, తరగతి గదిలో చోటు ఉండటానికి ఎంత తేడా ఉంటుందో మన పెద్దలకు బాగా తెలుసు. కెమెనీ అధ్యక్షుడు కాగానే ఆ పాత మాట నిలబెట్టుకుంటామని ప్రకటించి, ఆదివాసీ విద్యార్థుల కోసం ప్రత్యేక కార్యక్రమాన్ని ప్రారంభించారు. అప్పటివరకు మగపిల్లలకే పరిమితమైన కళాశాలలో 1972 నుంచి ఆడపిల్లలకు కూడా డిగ్రీ ప్రవేశం కల్పించారు. పూర్వ విద్యార్థుల్లో చాలామంది వ్యతిరేకించినా ఆయన వెనక్కి తగ్గలేదు. అంతటి పదవిలో ఉండి కూడా తరగతికి వెళ్లి పాఠం చెప్పడం మానలేదు.

1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగింది. దానిపై విచారణకు అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ నియమించిన కమిషన్‌కు కెమెనీ నాయకత్వం వహించారు. ప్రమాదం మొదలైన కొన్ని నిమిషాల్లోనే కంట్రోల్ గదిలో వందకు పైగా హెచ్చరికలు ఒకేసారి మోగాయని, వాటిలో ఏది ముఖ్యమో పనివారికి తెలిసే వీలు లేకపోయిందని ఆ కమిషన్ తేల్చింది. పనివారి తప్పులు ఉన్నాయి. అయితే వారికి ఇచ్చిన శిక్షణ, వారి ముందున్న ఆ గందరగోళపు ఏర్పాటు కూడా అందుకు కారణమని చెప్పింది. యంత్రం ముందు కూర్చునే మనిషిని దృష్టిలో పెట్టుకోకపోతే ఏం జరుగుతుందో దానిలో కనిపిస్తుంది. బేసిక్ తయారు చేసినప్పుడు కెమెనీ పట్టించుకున్నది సరిగ్గా ఆ మనిషినే.

బేసిక్ ఇంటింటికీ

1975లో బిల్ గేట్స్, పాల్ ఆలెన్ ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటర్ కోసం బేసిక్‌ను తయారు చేశారు. మైక్రోసాఫ్ట్ కంపెనీ తొలి సరుకు అదే. ఆ తరువాత వచ్చిన ఇంటి కంప్యూటర్లలో చాలావాటిలో స్విచ్ వేయగానే బేసిక్ సిద్ధంగా ఉండేది. మన దేశంలో 1984లో మొదలైన క్లాస్ అనే పథకం కింద ఎంపిక చేసిన పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. వాటిలోనూ బేసిక్ భాషే ఉండేది. మాలో పెద్దవారు టౌనులోని కంప్యూటర్ సెంటర్లలో డాస్, క్యూబేసిక్ నేర్చుకున్న రోజులు ఇంకా గుర్తున్నాయి.

అయితే బేసిక్‌పై విమర్శలు కూడా వచ్చాయి. గోటూ అనే ఆజ్ఞను ఇష్టం వచ్చినట్టు వాడటం వల్ల ప్రోగ్రాం చిక్కుబడ్డ దారంలా తయారవుతుందని, విద్యార్థులకు చెడు అలవాట్లు అవుతాయని ఎడ్జర్ డైక్‌స్ట్రా వంటి పెద్దలు తీవ్రంగా తప్పుబట్టారు. అందులో నిజం లేకపోలేదు. కెమెనీ, కర్ట్జ్‌లు కూడా తమ భాషను మెరుగుపరుస్తూనే వచ్చారు. కంపెనీకొక రకం బేసిక్ రావడం, అవి ఒకదానితో ఒకటి పొసగకపోవడం చూసి బాధపడి, 1983లో ట్రూ బేసిక్ సంస్థను స్థాపించి గోటూ అవసరం లేని చక్కని రూపాన్ని తెచ్చారు. కెమెనీ 1981లోనే అధ్యక్ష పదవిని వదిలి మళ్లీ పాఠాలకు తిరిగి వచ్చారు. 1992 డిసెంబరు 26న, అరవై ఆరేళ్ల వయసులో గుండె జబ్బుతో కన్నుమూశారు. ఆయన స్నేహితుడు కర్ట్జ్ 2024 నవంబరులో మరణించారు.

మనం చేయగలిగింది

ఇంత చెప్పిన తరువాత మన సంగతి చెప్పకుండా ఉండలేము. కంప్యూటర్ వచ్చిన తరువాత దానికి గుడ్డ కప్పి, గదికి తాళం వేసి, తనిఖీ రోజున మాత్రమే తెరిచిన చోట్లను మేము చూశాము. పిల్లలు పాడు చేస్తారన్న భయం అందుకు కారణం. తాళం వేసి ఉంచినా కంప్యూటర్ పాతబడుతూనే ఉంటుంది, దానితో పాటు పిల్లల వయసు కూడా దాటిపోతుంది.

కెమెనీ మార్గంలో మనం నడవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. నేడు పైథాన్ భాష ఉచితంగా దొరుకుతుంది. పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. మన పిల్లలకు పనికివచ్చే చిన్న చిన్న ఫంక్షన్లను ఒక ఫైలులో ముందే రాసి పెట్టవచ్చు. మార్కుల సగటు, వడ్డీ లెక్క, త్రిభుజ వైశాల్యం, నెల మెస్ ఖర్చు తలకు ఎంత పడుతుందో చెప్పే లెక్క, ఇలాంటివి. ఆజ్ఞలో పైథాన్ అన్న మాట తరువాత మైనస్ గుర్తు, దానికి ఆనించి ఐ అక్షరం, ఆ తరువాత ఫైలు పేరు ఇస్తే, ఆ ఫంక్షన్లన్నీ ఎక్కించుకుని అది మన ఆజ్ఞ కోసం ఎదురుచూస్తుంది. పైథాన్ మూడవ వెర్షన్‌లో ఫంక్షన్ పేర్లను తెలుగు లిపిలో కూడా పెట్టుకోవచ్చు. వడ్డీ అని తెలుగులోనే టైపు చేసి, బ్రాకెట్లలో అసలు, రేటు, కాలం ఇస్తే సమాధానం వస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లవాడు మొదటి రోజునే అది చేయగలడు. రెండవ రోజు ఆ ఫైలు తెరిచి లోపల ఏముందో చూస్తాడు. మూడవ రోజు దాన్ని మారుస్తాడు. నాలుగో రోజు తప్పు చేస్తాడు, దిద్దుకుంటాడు. అసలు ఫైలుకు ఒక నకలు వేరుగా దాచి ఉంచితే చాలు, ఎవరూ భయపడనక్కరలేదు.

ఆ ఫైలు రాసిచ్చే బాధ్యత పూర్వ విద్యార్థులమైన మాది. ఏ ఏ లెక్కలు కావాలో చెప్పవలసింది తమ్ముళ్లు, చెల్లెళ్లు. స్టడీ అవర్‌లో వంతులవారీగా ఒక్కొక్కరినీ కీబోర్డు ముందు కూర్చోబెట్టమని వార్డెన్ గారిని ఈ సంచిక ద్వారా కోరుతున్నాము. వెనక నిలబడి చూసే వరుస మాతోనే ఆగిపోవాలి.